క్రీడా మైదానం నుండి రాజకీయాలలోకి: కాన్‌స్టంటైన్ జీవితం మన సంఘాలకు వేసే ప్రశ్న

(కార్యకర్తల శిక్షణ తరగతులలో చేసిన ఉపన్యాస పాఠం)

నిన్న సాయంకాలం చర్చా సమయంలో ఒక యువ కార్యకర్త లేచి ఒక ప్రశ్న వేశాడు. ఇరవై ఏండ్లు గేటు సభలలో గొంతు చించుకున్న వానికి పడని ఓటు, నాలుగు సిక్సర్లు కొట్టిన వానికి ఎందుకు పడుతున్నదని అతని ప్రశ్న. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాము. కాని ఆ నవ్వు వెనుక ఎంత బాధ ఉన్నదో మనకు తెలుసు. ఎన్నికలలో నిలబడి ధరావతు పోగొట్టుకున్న మిత్రులు ఈ హాలులోనే కనీసం ముగ్గురున్నారు. వారిలో మేమూ ఒకరము.

ఈ ఉదయం మాకు కేటాయించిన విషయం వేతన ఒప్పందాల అమలు. నిర్వాహకుల అనుమతితో దానిని మధ్యాహ్నానికి జరిపి, ఈ గంటను ఆ ప్రశ్నకే ఇస్తున్నాము.

ఆటగాడు రాజకీయాలలోకి రావడం మన దేశంలో కొత్త సంగతి కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకం గెలిచిన హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా, తరువాత రాజ్యాంగ సభలో ఆదివాసుల పక్షాన నిలబడి మాట్లాడాడు. చర్మకార కుటుంబంలో పుట్టి, పూనాలో దొరల క్లబ్బు మైదానాన్ని చదునుచేసే కూలీగా బతుకు మొదలుపెట్టి, 1911లో ఇంగ్లండుకు వెళ్ళిన భారత జట్టులో అగ్రశ్రేణి బౌలరుగా నిలిచిన పల్వంకర్ బాలూ, 1937 ఎన్నికలలో బొంబాయిలో డాక్టర్ అంబేద్కర్‌పై పోటీచేసి ఓడిపోయాడు. పొరుగున పాకిస్తాన్‌లో ఇమ్రాన్ ఖాన్ 2018లో ప్రధానమంత్రి అయి 2022లో ఆ పదవి కోల్పోయాడు. ఢిల్లీ వీధులలో ధర్నాకు కూర్చున్న మల్లయోధురాలు వినేశ్ ఫోగాట్ 2024లో హర్యానా శాసనసభకు ఎన్నికైంది. ఈ పేర్లన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. తమ జనం కోసం వచ్చినవారున్నారు, గోడమీద బొమ్మ కోసం పార్టీలు తెచ్చుకున్నవారున్నారు.

మేము ఈనాడు చెప్పదలచినది వీరిలో ఎవరి కథా కాదు. సముద్రాలకు ఆవల ఉన్న ట్రినిడాడ్ ద్వీపంలో పుట్టిన లియరీ కాన్‌స్టంటైన్ కథ. ఆయననే ఎందుకు ఎన్నుకున్నామంటే, ఆ కథ చివరకు వచ్చి ఒక కార్మిక సంఘం కార్యాలయం గుమ్మం ముందు నిలబడుతుంది. మనకు అక్కడే పని.

ఆ మనిషికి మన గడ్డతో చిన్న సంబంధం కూడా ఉన్నది. 1934లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలలో ఆడడానికి ఆయన హైదరాబాదు సంస్థానానికి వచ్చాడు. ఇది కేవలం ముచ్చట కోసం చెప్పినమాట.

కాన్‌స్టంటైన్ 1901లో పుట్టాడు. ఆయన పూర్వీకులు బానిసలు. తండ్రి లెబ్రన్ కోకో తోటలో మేస్త్రీ. మంచి క్రికెట్ ఆటగాడు కూడా. 1900లో, 1906లో వెస్టిండీస్ జట్టుతో ఇంగ్లండు వెళ్ళివచ్చాడు. కొడుకు చదువు ముగించి వకీలు కచేరీలో గుమాస్తాగా చేరాడు. నల్లవానికి ఆ కచేరీలో గుమాస్తా పని మీద ఇంకొక మెట్టు లేదు. తరువాత ఒక చమురు కంపెనీలో పని దొరికింది. అక్కడా అదే కథ. 1928లో ఇంగ్లండు పర్యటనలో లార్డ్స్ మైదానంలో మిడిల్‌సెక్స్ జట్టుపై ఆడిన ఆటతో ఆయన పేరు మారుమోగింది. మొదటి ఇన్నింగ్సులో 86 పరుగులు, తరువాత 57 పరుగులిచ్చి 7 వికెట్లు, రెండవ ఇన్నింగ్సులో 103 పరుగులు. ఓడిపోవలసిన ఆట గెలిచారు. మరుసటి సంవత్సరం, 1929లో, లాంకషైర్ ప్రాంతంలోని నెల్సన్ అనే నేత పట్టణపు క్లబ్బు ఆయనను ప్రొఫెషనల్‌గా నియమించుకున్నది.

ఈ ప్రొఫెషనల్ అనే మాట దగ్గర కొంచెం ఆగుదాము. ఈనాడు ఆ మాట వినగానే కోట్లు గుర్తుకువస్తాయి. ఆ రోజులలో ఇంగ్లండు క్రికెట్‌లో ఆ మాటకు అర్థం కూలికి ఆడేవాడు అని. ఆస్తి ఉండి సరదాకు ఆడేవాడు దొర. జీతానికి ఆడేవాడు కేవలం ఆటగాడు. ఒకే జట్టులో ఆడినా బట్టలు మార్చుకునే గదులు వేరు, అనేక చోట్ల మైదానంలోకి దిగే ద్వారాలు వేరు. స్కోరు కాగితం మీద దొర ఇంటిపేరుకు ముందు పొడి అక్షరాలు వేసేవారు, కూలి ఆటగానికి ఇంటిపేరు తరువాత వేసేవారు. ఇన్షియల్స్ ఎటు పక్కన ఉన్నాయో చూసి మనిషి అంతస్తు తెలుసుకోవచ్చునన్నమాట! ఈ భేదాన్ని రద్దు చేసింది 1962 చివరలో. ఆఫీసర్ల క్యాంటీను, కార్మికుల క్యాంటీను వేరువేరుగా చూసిన మనకు దీనిని విడమరచి చెప్పనవసరం లేదు.

నెల్సన్ పట్టణం మగ్గాల పట్టణం. శనివారం మధ్యాహ్నం మిల్లు వదిలిన తరువాత ఆట. ప్రతి క్లబ్బుకు ఒకే ఒక్క ప్రొఫెషనల్. మిగిలిన పదిమంది ఊరివారే. ప్రొఫెషనల్ 50 పరుగులు చేసినా, వికెట్లు బాగా పడగొట్టినా మైదానం చుట్టూ డబ్బా తిప్పి చిల్లర వసూలు చేసి ఇచ్చేవారు. కాన్‌స్టంటైన్‌కు సీజనుకు 500 పౌండ్లు. నేత కార్మికుని ఏడాది కూలికి అది ఎన్నో రెట్లు. ఈ మాట మేము దాచిపెట్టము. ఆయన పేదవాడుగా అక్కడ బతకలేదు. కాని ఆ జీతం ఇచ్చింది మిల్లు యజమాని కాదు. సభ్యత్వ చందాల నుండి, గేటు దగ్గర టిక్కెట్ల నుండి వచ్చిన డబ్బు అది. కార్మికులు పెట్టుకున్న ఆటగాడు కార్మికుల ముందే జవాబు చెప్పుకోవాలి. తొమ్మిది సీజన్లలో ఏడుసార్లు నెల్సన్‌కు లీగు విజయం తెచ్చిపెట్టి ఆయన ఆ జవాబు చెప్పాడు.

తొలి రోజులలో పరిస్థితి వేరుగా ఉండేది. ఆ పట్టణంలో నల్లవారే లేరన్నంత. తిట్లతో ఉత్తరాలు వచ్చేవి. సీజను ముగియగానే ఇంటికి వెళ్ళిపోదామా అని భార్య నార్మాతో ఆలోచించిన రోజులున్నాయి. ఉండిపోయారు. క్రమంగా ఊరు వారిని తనవారుగా చేసుకున్నది. ఆ కాలంలోనే, 1931లో, నేత కార్మికుడు నాలుగు మగ్గాలకు బదులు ఎక్కువ మగ్గాలు నడపాలన్న యజమానుల పట్టుదలపై ఆ ప్రాంతమంతా పెద్ద పోరాటం జరిగింది. అదే సంవత్సరం సెప్టెంబరులో గాంధీజీ లాంకషైర్ వచ్చి, మన విదేశీ వస్త్ర బహిష్కరణ వలన పని పోయిన నేతగాండ్ల మధ్య కూర్చున్నాడు. ఆ పక్క ఊళ్ళోనే ఒక నల్ల మనిషి శనివారం శనివారం బంతి వేస్తున్నాడు. చరిత్రలో ఇటువంటి సామీప్యాలు చూస్తే మాకు ఆశ్చర్యం కలుగుతుంది.

1932లో సి.ఎల్.ఆర్. జేమ్స్ అనే యువ ఉపాధ్యాయుడు ట్రినిడాడ్ నుండి వచ్చి ఆయన ఇంట బస చేశాడు. తరువాత కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన మార్క్సిస్టు రచయిత ఆయనే. ట్రినిడాడ్ శ్రామికుల సంఘానికి నాయకుడైన కెప్టెన్ సిప్రియానీ జీవితం మీద జేమ్స్ రాసిన పుస్తకాన్ని నెల్సన్‌లోనే అచ్చువేయించారు. ఖర్చు భరించింది కాన్‌స్టంటైన్. క్రికెట్ జీతం ఒక కార్మిక నాయకుని చరిత్రను అచ్చువేసింది. ఇద్దరూ కలిసి ఊరూరా సభలలో వెస్టిండీస్ స్వపరిపాలన గురించి మాట్లాడేవారు. ఆయన రాజకీయాలలోకి వచ్చింది 1956లో అని పుస్తకాలు చెబుతాయి. మా లెక్కలో ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గరే వచ్చాడు.

ఆటలోనూ ఒక గోడ ఉండేది. వెస్టిండీస్ జట్టులో బౌలింగు, బ్యాటింగు నల్లవారిది, నాయకత్వం తెల్లవారిది. 1935లో జమైకాలో జరిగిన టెస్టులో నాయకుడు గాయపడి మైదానం వదిలిపోగా పగ్గాలు కాన్‌స్టంటైన్ చేతికి వచ్చాయి. ఆట గెలిచారు, సీరీసూ గెలిచారు. అయినా నాయకత్వం ఆయనకు ఇవ్వలేదు. ఒక నల్లజాతి ఆటగాడు పూర్తి సీరీసుకు నాయకుడు కావడానికి, ఫ్రాంక్ వారెల్ రూపంలో, 1960 దాకా ఆగవలసి వచ్చింది.

యుద్ధకాలంలో ఆయన జీవితం నేరుగా మన రంగంలోకి వచ్చింది. బ్రిటిష్ కార్మిక మంత్రిత్వశాఖ ఆయనను లివర్‌పూల్ కేంద్రంగా సంక్షేమాధికారిగా నియమించింది. ఆయుధ కర్మాగారాలలో పనిచేయడానికి వెస్టిండీస్ నుండి రప్పించిన కొన్ని వందల సాంకేతిక కార్మికుల బాగోగులు చూడడం ఆ పని. బస దొరకదు. ఇల్లు ఖాళీగా ఉన్నదని ప్రకటించినవారే ముఖం చూసి తలుపు వేసేస్తారు. కొందరు యజమానులు నల్లవారిని తీసుకోమంటారు. కొన్ని చోట్ల సాటి కార్మికులే పక్కన నిలబడి పనిచేయమంటారు. కాన్‌స్టంటైన్ ఒక్కొక్క కర్మాగారానికీ వెళ్ళి, యజమానితో ఒకసారి, సంఘం కార్యదర్శితో ఒకసారి కూర్చుని పరిష్కరించేవాడు. ఆయన పద్ధతి పోట్లాట కాదు, నచ్చచెప్పడం. ఈ పద్ధతి చాలదని ఆనాడే విమర్శించినవారున్నారు. ఆ విమర్శలో కొంత నిజం కూడా ఉన్నది. కాని మనలో ఎందరికో తెలుసు, ఒక షాపుఫ్లోరు తగాదాను నచ్చచెప్పి తీర్చడానికి ఎన్ని కప్పుల టీ తాగవలసి వస్తుందో.

1943లో ఆయనకే ఆ తలుపు వేశారు. లార్డ్స్‌లో ఆట ఆడడానికి భార్యను, కుమార్తెను తీసుకుని లండన్ వెళ్ళాడు. ఇంపీరియల్ హోటలులో ముందుగానే గది తీసుకున్నాడు. తీరా వెళ్ళిన తరువాత, అమెరికన్ అతిథులకు అభ్యంతరమని చెప్పి, ఒక్క రాత్రికంటే ఉండవద్దన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళాడు. జాతి వివక్షను నిషేధించే చట్టమే అప్పటికి బ్రిటన్‌లో లేదు. వచ్చిన ప్రయాణికునికి, తగిన కారణం లేనిదే, బస నిరాకరించరాదని సత్రం నడిపేవారిపై ఉన్న పాత బాధ్యతను పట్టుకుని కేసు నడిపారు. 1944లో గెలిచాడు. నష్టపరిహారం 5 గినీలు. మొత్తం చిన్నదే. కాని ఆ కేసు పేరు ఈనాటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుతున్నారు.

ఆ తరువాత ఆయన న్యాయశాస్త్రం చదివాడు. నలభై దాటిన వయసులో, ఆట ద్వారా వచ్చిన పేరు చాలునని కూర్చోక, పరీక్షలకు కుస్తీ పట్టి 1954లో బారిస్టరు అయ్యాడు. అదే సంవత్సరం వర్ణ వివక్షపై ఒక పుస్తకం వెలువరించి, ట్రినిడాడ్ తిరిగి వెళ్ళాడు. పూర్వం తనను మెట్టెక్కనివ్వని చమురు కంపెనీలోనే న్యాయ సలహాదారుల శాఖలో ఉద్యోగం. రెండేళ్ళు తిరగకముందే ఎరిక్ విలియమ్స్ స్థాపించిన పీపుల్స్ నేషనల్ మూవ్‌మెంట్ పార్టీకి అధ్యక్షుడయ్యాడు. 1956 సెప్టెంబరు ఎన్నికలలో టునపునా నియోజకవర్గం నుండి స్వల్ప ఆధిక్యంతో గెలిచాడు. 24 స్థానాలలో 13 గెలిచిన ఆ పార్టీ ప్రభుత్వంలో రవాణా, రోడ్లు, ప్రజోపయోగ సేవల శాఖలు చూసే మంత్రి అయ్యాడు.

ఇక్కడ మా యువ మిత్రుడు గమనించవలసిన సంగతి ఒకటున్నది. అంతటి పేరు ఉన్నవానికి వచ్చిన ఆధిక్యం స్వల్పం. ఆట చూసి చప్పట్లు కొట్టిన ప్రతివాడూ ఓటు వేయలేదు. శాసనసభలో ప్రతిపక్షం వేసే ఎత్తిపొడుపులు ఆయనకు పడలేదు. మైదానంలో బంతి తగిలితే నొప్పి పుట్టినా దానికి ఒక నియమం ఉన్నది. ఇక్కడ అదీ లేదు. మంత్రిగా శ్రద్ధతో పనిచేశాడు, కాని గొప్ప శాసనసభ్యుడని చెప్పలేము. 1961 ఎన్నికలలో నిలబడకుండా తప్పుకున్నాడు. ప్రభుత్వం ఆయనను లండన్‌కు పంపింది. 1962 ఆగస్టు 31న ట్రినిడాడ్ స్వతంత్రమైన తరువాత లండన్‌లో ఆ దేశపు తొలి హైకమిషనర్ ఆయనే. ఆ సంవత్సరమే సర్ బిరుదు కూడా వచ్చింది. వయసు అరవై దాటింది. విందులకు వెళ్ళి, కరచాలనాలు చేసి, గౌరవంగా విశ్రాంతి తీసుకోవచ్చు.

1963 వసంతంలో బ్రిస్టల్ నగరం నుండి వార్త వచ్చింది.

బ్రిస్టల్ నగర బస్సులలో నల్లవారిని, ఆసియావారిని గరాజులలో, క్యాంటీన్లలో పనికి తీసుకునేవారు. డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేవారు కాదు. బస్సుల కంపెనీ ప్రభుత్వరంగానిది. యాజమాన్యానికి ఒక సాకు ఉన్నది. అది మనం తలవంచుకుని వినవలసిన సాకు. 1955లోనే అక్కడి ట్రాన్స్‌పోర్ట్ అండ్ జనరల్ వర్కర్స్ యూనియన్ ప్రయాణికుల రవాణా విభాగం, బస్సు సిబ్బందిగా నల్లవారిని తీసుకోరాదని తీర్మానం చేసింది. మేము కాదు, మీ సంఘమే వద్దన్నది అని మేనేజరు అనగలిగాడు. ఆ యూనియన్ చిన్నా చితకా సంఘం కాదు; బ్రిటన్‌లో అతి పెద్ద సంఘాలలో ఒకటి. దక్షిణాఫ్రికాలో జాతి వివక్షను బహిరంగంగా ఖండిస్తున్న సంఘం. లండన్ నగరంలో 1956 నుండి బార్బడోస్ ద్వీపంలోనే నియామకాలు జరిపి తెచ్చిన బస్సు కార్మికులు పనిచేస్తున్నారు. అదే దేశంలో, నూరు మైళ్ళ అవతల, బ్రిస్టల్‌లో మాత్రం గేటు మూసి ఉన్నది.

ఆ కార్మికులు దుర్మార్గులా? అట్లా అని చేతులు దులుపుకుంటే మనకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. వారి మూల వేతనం తక్కువ. ఓవర్‌టైము మీద కుటుంబాలు నడిచేవి. సిబ్బంది కొరత ఉన్నంత కాలం ఓవర్‌టైము ఉంటుంది. కొత్తవారు వస్తే అది పోతుంది, వేతనం పెంచమని అడిగే బలం తగ్గుతుంది అన్నది వారి భయం. ఆ భయం వెనుక ఒక నిజం, దాని పక్కనే ఒక విషం ఉన్నాయి. తక్కువ మూలవేతనం నిజం. దానికి జవాబుగా యాజమాన్యంతో పోరాడక, చర్మం రంగు చూసి సాటి కూలివాని ముందు గేటు వేయడం విషం. వేతనం పెంచమని కొట్లాడడం కంటే గేటు వేయడం తేలిక. తీర్మానం ఒక్క సాయంకాలం పని.

వెస్టిండీస్ యువకులు కొందరు, రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ మొదలైనవారు, పాల్ స్టీఫెన్‌సన్ అనే యువజనాధికారితో కలిసి దీనిని బయటపెట్టారు. గై బెయిలీ అనే యువకునికి ఇంటర్వ్యూ ఇచ్చి, అతడు వెస్టిండీస్ వాడని తెలియగానే రద్దు చేశారు. 1955లో అమెరికాలోని మాంట్‌గొమరీలో జరిగిన బస్సుల బహిష్కరణ వారి కళ్ళముందున్నది. 1963 ఏప్రిల్ చివరలో బ్రిస్టల్ బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చారు. విద్యార్థులు ఊరేగింపు తీశారు. సంఘం స్థానిక నాయకత్వం ఆ యువకులతో కూర్చుని మాట్లాడడానికే నిరాకరించింది. ప్రాంతీయ కార్యదర్శి స్టీఫెన్‌సన్ గురించి పత్రికలలో అన్న మాటలకు తరువాత పరువునష్టం కేసులో పరిహారం చెల్లించుకోవలసి వచ్చింది. మే దినోత్సవ సభలో నగరంలోని ఇతర సంఘాల ప్రతినిధులే ఈ సంఘాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. మే దినం వేదిక మీద ఒక సంఘం మరొక సంఘం ముందు తలదించుకోవడం! ఆ కార్యదర్శి స్థానంలో మనల్ని ఊహించుకుంటే ఇది పరాయి దేశపు కథ కాదు.

ఆ మే నెల మొదటి వారంలోనే వెస్టిండీస్ జట్టు గ్లాస్టర్‌షైర్‌తో ఆడడానికి బ్రిస్టల్ వచ్చింది. ఆట చూడడానికి హైకమిషనర్ కాన్‌స్టంటైన్ వచ్చాడు. పత్రికలవారు అడిగారు. ఇది మా దేశపు వ్యవహారం కాదని చెప్పి తప్పుకునే హక్కు, నిజానికి దౌత్య మర్యాద ప్రకారం బాధ్యత కూడా, ఆయనకు ఉన్నది. ఆయన తప్పుకోలేదు. ఆ నిషేధం తప్పని బహిరంగంగా చెప్పాడు. బస్సు కంపెనీకి ఉత్తరాలు రాశాడు. నగర మేయరును కలిశాడు. ఆ యూనియన్ ప్రధాన కార్యదర్శి ఫ్రాంక్ కజిన్స్‌తో మాట్లాడాడు. బస్సు కంపెనీకి పైన ఉన్న ప్రభుత్వ సంస్థ దగ్గరకు వెళ్ళి, వారి అధికారులు వచ్చి సంఘంతో చర్చించేటట్లు చేశాడు. యుద్ధకాలంలో లివర్‌పూల్‌లో నేర్చిన పనే ఇది. యజమానితో ఒకసారి, సంఘంతో ఒకసారి.

చర్చలు నెలల తరబడి సాగాయి. ఆగస్టు 27న 500 మంది బస్సు కార్మికులు సమావేశమై నిషేధం తొలగించడానికి అంగీకరించారు. మరునాడు, ఆగస్టు 28న, కంపెనీ ఆ సంగతి ప్రకటించింది. వాషింగ్టన్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్ ఆ సుప్రసిద్ధ ఉపన్యాసం చేసిన రోజు కూడా అదే. సెప్టెంబరు 17న బ్రిస్టల్‌లో తెల్లవారు కాని తొలి కండక్టరు బస్సెక్కాడు. ఆయన పేరు రఘుబీర్ సింగ్. మన పంజాబు వాళ్ళ పేరు. వెస్టిండీస్ యువకులు ప్రారంభించిన పోరాటంలో మొదట టిక్కెట్టు యంత్రం భుజాన వేసుకున్నది ఒక సిక్కు.

ఇందులో కాన్‌స్టంటైన్ పాత్రను పెంచి చెప్పడం మాకు ఇష్టం లేదు. బహిష్కరణకు పిలుపునిచ్చింది ఆయన కాదు. ఊరేగింపులో నడిచింది ఆయన కాదు. ఎవరి మీద ఉత్తరాలూ తిట్లూ కురిశాయో ఆ యువకులు లేకపోతే హైకమిషనర్ మాట్లాడడానికి విషయమే ఉండేది కాదు. చివరకు చేయెత్తి ఓటు వేసింది ఆ 500 మంది బస్సు కార్మికులే. ఆయన ఆటలో సంపాదించిన పేరు చేసింది ఒక్కటే. అప్పటిదాకా తెరుచుకోని గదుల తలుపులు ఆయనకు తెరుచుకున్నాయి. లోపలికి వెళ్ళిన తరువాత ఏమి మాట్లాడాలో పేరు నేర్పలేదు. నెల్సన్ వీధి నేర్పింది, లివర్‌పూల్ కార్యాలయం నేర్పింది, హోటలు గుమాస్తా నేర్పాడు.

దీనికి ఆయన మూల్యం చెల్లించాడు. ఆతిథ్య దేశపు ఆంతరంగిక వ్యవహారంలో తలదూర్చాడని స్వంత ప్రభుత్వానికి కోపం వచ్చింది. 1964 ఆరంభంలో పదవి వదిలాడు. తరువాత బ్రిటన్‌లో 1965 చట్టం కింద ఏర్పడిన జాతి సంబంధాల మండలిలో సభ్యుడయ్యాడు. 1969లో ప్రభువుల సభకు వెళ్ళిన తొలి నల్లజాతి సభ్యుడయ్యాడు. ఆ బిరుదుకు తాను పెరిగిన మరవల్ పేరునూ, నెల్సన్ పేరునూ జతచేసుకున్నాడు. 1971 జూలై 1న మరణించాడు. ఇక ఆ యూనియన్ సంగతి. అది ఇతర సంఘాలతో విలీనమై ఏర్పడిన యునైట్ సంఘం 2013లో, అంటే యాభై ఏండ్లకు, ఆ తీర్మానానికి క్షమాపణ చెప్పింది.

మిత్రులారా, ఇతరుల తప్పు చెప్పి ఊరుకోవడానికి మేము ఈ గంట అడగలేదు. మా తప్పు ఒకటున్నది.

రెండు దశాబ్దాల పైచిలుకు కిందట ఒక కర్మాగారంలో మేము శాఖా కార్యదర్శిగా ఉండేవారము. క్రీడల కోటాలో ఉద్యోగం వచ్చిన కబడ్డీ ఆటగాడు ఒకడు అక్కడ ఉండేవాడు. మోకాలు దెబ్బతిని ఆట మానుకున్నాడు. ఊళ్ళో అతనికి ఉన్న పేరు చూసి, మేమే అతనిని సంఘం ఎన్నికలలో మా ప్యానెలులో నిలబెట్టాము. నిజం చెప్పాలంటే గోడమీద బొమ్మ కోసమే. అందరికంటే ఎక్కువ ఓట్లు అతనికే వచ్చాయి. సభలలో దండలు వేయించుకుంటాడు, మాట మేము మాట్లాడతాము అనుకున్నాము. అతని అన్న అదే కర్మాగారంలో లోడింగు కాంట్రాక్టు కూలీ. మొదటి సర్వసభ్య సమావేశంలోనే లేచి, కాంట్రాక్టు కార్మికులకు సంఘంలో సభ్యత్వం ఇవ్వాలని ప్రతిపాదించాడు. హాలులో గొణుగుడు మొదలైంది. వారిని చేర్చుకుంటే మన బోనసు ఏమవుతుంది, మన పిల్లల ఉద్యోగాలు ఏమవుతాయి అని. బ్రిస్టల్ మాటే, రంగు ఒక్కటే తేడా. పైగా ఆ లోడింగు కూలీలలో ఎక్కువమంది ఏ పేటల నుండి వచ్చేవారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

వేదిక మీద కూర్చున్న మేము ఏమి చేశామో చెప్పాలి. వద్దనలేదు. అనడానికి సిగ్గుపడ్డాము. నిబంధనావళి సవరణకు ఇరవై ఒక్క రోజుల నోటీసు కావాలని చెప్పి ప్రతిపాదనను పక్కన పెట్టించాము. ఆ నోటీసు ఎన్నడూ ఇవ్వలేదు. అతడు రెండుసార్లు కార్యాలయానికి వచ్చి అడిగాడు. మూడవసారి రాలేదు. తరువాతి ఎన్నికలలో నిలబడలేదు. ఆటగాడికి రాజకీయాలేమి తెలుసునని అప్పుడు మాలో ఒకరు అన్నారు. మేము ఖండించలేదు.

ఆ తరువాత ఏడేళ్ళకు ఆ కర్మాగారంలో శాశ్వత కార్మికుల సంఖ్య సగానికి పడిపోయింది. సమ్మె నోటీసు ఇచ్చిన రోజున యాజమాన్యం లోడింగు పని ఒక్క గంట కూడా ఆగకుండా నడిపించింది. ఎవరితో నడిపించిందో మీకు చెప్పనక్కరలేదు. గేటు బయట మేము నినాదాలు చేస్తుండగా వారు తలవంచుకుని లోపలికి వెళ్ళారు. వారిని అడ్డుకోవడానికి మాకు నోరు రాలేదు. ఏమని అడ్డుకుంటాము? మా సంఘం వారిది కాదని చెప్పింది మేమే కదా.

కనుక ఆ యువ మిత్రుని ప్రశ్నకు మా జవాబు ఇది. సిక్సర్లు కొట్టినవానికి ఓటు ఎందుకు పడుతున్నదని బాధపడకు. అతడు వచ్చి నీ సంఘం తలుపు తడితే లోపల కుర్చీ వేసి, అతడు ఏమి మాట్లాడతాడో విను. తరచుగా ఏమీ మాట్లాడడు. ఆ సంగతి అయిదు నిమిషాలలో తెలిసిపోతుంది. కాని ఎప్పుడో ఒకసారి, కూలికి ఆడి, హోటలు గుమ్మం దగ్గర అవమానపడి, అన్న భుజం మీది మూట చూసి వచ్చినవాడు వస్తాడు. అతనికి దండ వేసి కూర్చోబెట్టి, నోటీసు గడువు చెప్పి పంపించవద్దు.

మధ్యాహ్నం వేతన ఒప్పందాల మీద తరగతి ఉన్నది. దానికి ముందు ఒక పని. శాఖల మినిట్స్ పుస్తకాలు, నిబంధనావళులు వెంట తెచ్చుకోవాలని సర్క్యులరులో రాశాము. తెచ్చినవారు భోజన విరామంలో సభ్యత్వ నిబంధన ఉన్న పేజీ తెరిచి చూడండి. శాశ్వత ఉద్యోగులు మాత్రమే అన్న మాట ఎందరి పుస్తకాలలో ఉన్నదో లెక్క తీసి వేదిక మీదికి పంపండి. మా పాత శాఖ పుస్తకం మేమూ తెచ్చాము. ఆ మాట అందులో ఇంకా కొట్టివేయలేదు. సవరణ నోటీసు రాసి తెచ్చాము, మొదటి సంతకం కోసం ఆ కబడ్డీ మిత్రుని పిలిపించాము. ఆయన వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు.